మందకొక పద్దు పుస్తకం



ఈ వేళ పశువుల మందను పోషించుకునే పద్ధతిని గురించి నాలుగు మాటలు చెప్పదలచుకున్నాను. మంద అనగానే కొండవార బీళ్ళలో మేసే వందలకొద్దీ పశువులే మన కళ్ళకు కడతాయి. మన కృష్ణా డెల్టాలో అటువంటి బీళ్ళు ఎక్కడున్నాయి? కాలువ గట్టు, చేని గట్టు తప్పితే పశువు మెడ వంచి మేసేందుకు చోటే లేదు. అయినప్పటికీ పెరట్లో మూడు గేదెలు, ఒక పడ్డ, రెండు దూడలు ఉన్న ఇంటికి అదే మంద. వందకు వర్తించే సూత్రాలే ఆరింటికీ వర్తిస్తాయి. పైగా వందలో ఒకటి చెడితే నూటికి ఒక పాలు నష్టం. ఆరింటిలో ఒకటి చెడితే ఆ ఇంటి నెలసరి ఖర్చుకే ఎసరు.

ముందుగా మన పొరుగున జరిగిన సంగతి ఒకటి చెబుతాను. గుండ్లకమ్మ, మూసీ, పాలేరు, మన్నేరు పారే నేలలో పుట్టిన ఒంగోలు జాతి పశువులను ఎరుగనివారు మనలో ఉండరు. ఎత్తయిన మూపురం, తెల్లని ఒళ్ళు, వేలాడే గంగడోలు; ఎండకు ఓర్చుకునే గుణం, గట్టి మేతతోనైనా నెట్టుకువచ్చే గుణం వాటి సొత్తు. ఈ జాతి పశువులు 1868లో ఒక జత బ్రెజిల్ దేశపు సాల్వడార్ రేవులో దిగాయి. ఆ తరువాత 1878లో జర్మనీలోని హాంబర్గు జంతుప్రదర్శనశాల నుండి ఇంకొక జతను ఒక బ్రెజిల్ పెంపకందారు కొనుక్కుపోయాడు. 1960 తరువాత మరికొన్ని ఓడలెక్కాయి. వాటిలో ఒక ఆబోతుకు మన ఒంగోలు దగ్గరి కరవది ఊరి పేరే అక్కడ నిలిచిపోయింది. ఆ దేశంలో ఈ జాతిని ‘నెలోర్’ అంటారు. ఒంగోలు తాలూకా 1904 వరకు నెల్లూరు జిల్లాలో ఉండేది. అందుచేత వారికి ఇది నెల్లూరు పశువు అయింది.

ఇప్పుడు బ్రెజిల్‌లో ఇరవై కోట్లకు పైగా పశువులున్నాయి. మాంసం కోసం పెంచే పశువులలో ఎక్కువ భాగం ఈ నెలోర్ రక్తం కలిగినవే. 2023లో వయటినా-19 అనే ఒక నెలోర్ ఆవులో మూడోవంతు వాటాను వేలం వేయగా, వచ్చిన ధరను బట్టి ఆవు మొత్తం విలువ నలభై లక్షల డాలర్లు దాటింది. ఈ వార్త మన పత్రికలలో చదివి, “విత్తు మనది, పంట వారిది” అని చాలామంది నిట్టూర్చారు.

నిట్టూర్పు సరే. కాని వారు చేసినదేమిటో విచారించాలి గదా! వారికి విశాలమైన పచ్చిక బయళ్ళున్నాయి, మనకు లేవు. వారు మాంసానికి పెంచారు. మన రాష్ట్రంలో 1977 నాటి చట్టం గోవధను నిషేధించింది. కాబట్టి వారి వ్యాపారంతో మనకు పని లేదు. వారి పద్ధతితో మాత్రం చాలా పని ఉంది. ఆ పద్ధతి ఇది: ప్రతి పశువుకు ఒక గుర్తు. దాని తల్లి ఎవరు, తండ్రి ఎవరు అన్న రాత. పుట్టిన తేదీ. పాలు మరిచేనాటికి ఎంత తూగింది, ఏడాదికి ఎంత తూగింది అన్న లెక్క. బాగా పెరిగినదాని సంతతిని నిలుపుకోవడం, పెరగనిదాన్ని మందలోంచి తీసివేయడం. మేతకు సరిపడినన్ని పశువులనే ఉంచుకోవడం. ఇంతే. ఇందులో మంత్రం లేదు, మాయ లేదు. గుంటూరు దగ్గర లాం ఫారంలో ఒంగోలు పశువులను పెంచేదీ ఇటువంటి రాతకోతలతోనే.

ఇక నా సంగతి ఒకటి చెప్పుకోవాలి. ఇది గొప్పకు కాదు, తప్పు ఒప్పుకోవడానికి.

నేను డిప్లొమా పూర్తిచేసి ఉద్యోగంలో చేరిన కొత్తలో, కాలువ దిగువ ఊళ్ళో ఒక రైతు ఇంటికి వెళ్ళాను. సొంతం రెండెకరాలు, కౌలు ఒక ఎకరం, అయిదు గేదెలు. అన్నీ నిగనిగలాడుతున్నాయి. “బాబాయిగారూ, అప్పు దొరుకుతుంది, ఇంకో అయిదు తెచ్చుకోండి, పాల రాబడి రెట్టింపవుతుంది” అన్నాను. కాగితం మీద గుణకారం చేసి చూపించాను. అయిదు పదయితే పాలు కూడా రెట్టింపే గదా! ఆయన నమ్మాడు.

ఆ ఏడు కోతకు మిషన్లు దిగాయి. మిషన్ కోసిన చేలో గడ్డి చిందరవందరగా పడింది. చుట్టుపక్కల వాళ్ళు దాళవాకు తొందరపడి తగలబెట్టారు. ఈయన వామి ఫాల్గుణానికే తరిగిపోయింది. వేసవిలో గడ్డి కొన్నాడు, దాణా అరువు తెచ్చాడు. పదింటికీ అరకడుపే. అరకడుపు గేదె ఎదకు రాదు, వచ్చినా చూడి నిలవదు. మరుసటి సంక్రాంతికి పదింట్లో పాలిచ్చేవి మూడే. దాణా కొట్టు బాకీ తీర్చడానికి తన మేలైన గేదెకు పుట్టిన పడ్డను, ఇంకో నాలుగు నెలల్లో ఈనవలసినదాన్ని, అమ్మేశాడు. దాన్ని బండి ఎక్కిస్తూ ఉండగా నేనక్కడే ఉన్నాను. వాళ్ళమ్మగారు అరుగు మీద కూర్చుని, “నాయనా, పాల లెక్క చెప్పావు గాని గడ్డి లెక్క చెప్పలేదేం?” అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

ఆ లెక్కే ఇప్పుడు మీకు చెప్పబోతున్నాను.

మొదటి సూత్రం: మేతను బట్టి మంద, మందను బట్టి మేత కాదు.

పశువు ఎంత తింటుందో తెలియాలంటే ముందు దాని బరువు తెలియాలి. కాటా అక్కరలేదు, దర్జీ దగ్గరుండే టేపు చాలు. ముందు కాళ్ళ వెనుకగా ఛాతీ చుట్టుకొలత అంగుళాల్లో తీసుకోండి. భుజం ముందుభాగం నుండి పిరుదు ఎముక చివరదాకా పొడవు తీసుకోండి. చుట్టుకొలతను చుట్టుకొలతతో హెచ్చవేసి, దాన్ని పొడవుతో హెచ్చవేసి, 660తో భాగించండి. వచ్చినది సుమారుగా కిలోల బరువు. ఛాతీ 70 అంగుళాలు, పొడవు 60 అంగుళాలు ఉన్న గేదె సుమారు 445 కిలోలు. ఛాతీ 40, పొడవు 36 ఉన్న దూడ సుమారు 87 కిలోలు. నెలకొకసారి దూడకు టేపు పెడితే అది పెరుగుతున్నదీ లేనిదీ కంటికి కనపడకముందే లెక్కకు కనపడుతుంది.

పాలిచ్చే గేదెకు దాని బరువులో నూటికి రెండున్నర నుండి మూడు వంతుల ఎండు పదార్థం కావాలి. అనగా మన 445 కిలోల గేదెకు రోజుకు 11 నుండి 13 కిలోలు. పచ్చిమేతలో అయిదింట నాలుగు వంతులు నీరే ఉంటుంది. కాబట్టి 25 కిలోల పచ్చిమేత వేస్తే 5 కిలోల ఎండు పదార్థం అందుతుంది. 5 కిలోల వరిగడ్డి వల్ల నాలుగున్నర కిలోలు. 3 కిలోల దాణా వల్ల రెండున్నరకు పైగా. మొత్తం పన్నెండు కిలోలు. లెక్క సరిపోయింది.

ఇప్పుడు దీన్ని ఏడాదికి హెచ్చవేద్దాం. గడ్డి రోజుకు 5 కిలోల చొప్పున ఏడాదికి 1,825 కిలోలు. కాళ్ళ కింద తొక్కినదీ, వానకు కుళ్ళినదీ కలుపుకుంటే రెండు టన్నులు. ఇది ఇంచుమించు ఒక ఎకరం సార్వా గడ్డి. పచ్చిమేత 25 కిలోల చొప్పున ఏడాదికి తొమ్మిది టన్నులు. నీటి వసతి ఉన్న నేపియర్ గడ్డి ఎకరాకు ఏడాదికి 80 టన్నులనుకున్నా, ఒక గేదెకు పన్నెండు సెంట్లు కావాలి. కనుక గుర్తు పెట్టుకోండి: ఒక గేదెకు ఒక ఎకరం వరిగడ్డి, పన్నెండు సెంట్ల పచ్చిమేత. అయిదు గేదెలకు అయిదెకరాల గడ్డి, అరవై సెంట్ల మేత. మీ దగ్గర లేనిది ఎక్కడినుంచి వస్తుందో, ఎంత ధరకు వస్తుందో తేల్చుకున్నాకే కొత్త పశువుకు పలుపు కొనండి.

“అరవై సెంట్లు గడ్డికి వదిలితే మేమేం తినాలండీ?” అని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. అందుకే మన పెద్దలు పిల్లిపెసర కనిపెట్టి పెట్టారు. సార్వా కోతకు కొద్ది రోజులముందు, చేలో పదును ఉండగానే పిల్లిపెసరగాని జనుముగాని చల్లితే వరి కోసేసరికి మొలిచి ఉంటుంది. మంచు పదునుకే పెరుగుతుంది. మాంసకృత్తులు ఎక్కువగా ఉన్న మేత. పూతకు వచ్చినప్పుడు కోసి నీడపట్టున ఎండబెట్టి వామి వేస్తే వేసవికి ఆదుకుంటుంది. ఆ పైన భూమికి సత్తువ కూడా. నీరు నిలిచే పల్లపు జాగాల్లో, మురుగు కాలువల పక్కన పారాగడ్డి పెరుగుతుంది. మిషన్ కోతయితే గడ్డిని చుట్టలు చుట్టే యంత్రాన్ని నలుగురు రైతులు కలిసి మాట్లాడుకోండి. చేలో గడ్డికి నిప్పు పెడితే కాలేది మీ గేదె ఆరు నెలల తిండి.

వట్టి వరిగడ్డిలో బలం తక్కువ. దాన్ని యూరియాతో మాగబెట్టుకోవచ్చు. వంద కిలోల గడ్డికి నాలుగు కిలోల యూరియాను యాభై లీటర్ల నీళ్ళలో పూర్తిగా కరిగించి, పొరలు పొరలుగా చల్లి తొక్కి, గాలి చొరకుండా పట్టా కప్పి 21 రోజులు ఉంచాలి. తరువాత తీసి, ఘాటు పోయేదాకా ఆరబెట్టి, కొద్దికొద్దిగా అలవాటు చేయాలి. ఆరు నెలల లోపు దూడలకు పెట్టకూడదు. యూరియా నీళ్ళు పశువు తాగిందంటే ప్రాణం మీదికి వస్తుంది. ఆ బిందెలు, బకెట్లు వెంటనే కడిగి దూరంగా పెట్టండి. కొలతకు మించి ఒక్క పిడికెడు కూడా వేయవద్దు.

దాణా సంగతి: పశువు శరీర పోషణకు కిలోన్నర, ఆ పైన గేదె ఇచ్చే ప్రతి రెండు లీటర్ల పాలకు ఒక కిలో. ఇందాక నేను వేసిన మూడు కిలోలు ఏడాది పొడుగునా పడే సగటు మాత్రమే. నిండు పాలమీద ఉన్నప్పుడు పెంచాలి, వట్టిపోయినప్పుడు తగ్గించాలి, చూడి నిండిన చివరి రెండు నెలల్లో మళ్ళీ కిలోన్నరదాకా ఎక్కువ పెట్టాలి. తవుడు, చెక్క, నూక ఏది కలిపినా ఖనిజ లవణ మిశ్రమం రోజుకు యాభై గ్రాములు మరువవద్దు. అది తక్కువయితే ఎద తప్పుతుంది.

రెండవ సూత్రం: ప్రతి పశువుకూ ఒక పేజీ.

పిల్లల పాత నోటు పుస్తకం చాలు. పేజీ పైన చెవిపోగు మీద ఉన్న పన్నెండంకెల నంబరు, తల్లి పేరు, తండ్రి లేదా వీర్యపు గొట్టం నంబరు. ఆ కింద ఈనిన తేదీ, ఎదకు వచ్చిన తేదీ, సూది వేయించిన తేదీ, చూడి పరీక్ష, వట్టిపోయిన తేదీ, టీకాలు. నెలలో ఒక్క రోజు, ప్రతినెలా అదే తేదీన, పొద్దుటి పాలూ సాయంత్రం పాలూ కొలిచి రాయండి. రాయడం రానివారు గోడమీది క్యాలెండరులో గుర్తు పెట్టుకోండి, పిల్లలు బడినుంచి వచ్చాక ఎక్కిస్తారు.

ఈ రాత దేనికని అడుగుతారేమో. రెండు గేదెలను తీసుకుందాం. మొదటిది ఈనిన కొత్తలో పది లీటర్లిస్తుంది; ఊరంతా దాన్నే మెచ్చుకుంటుంది. కాని ఏడు నెలలకే పాలు తగ్గించి వట్టిపోతుంది, మళ్ళీ ఈనడానికి పద్దెనిమిది నెలలు పడుతుంది. సగటున రోజుకు ఆరున్నర లీటర్ల చొప్పున 210 రోజులు, అంటే 1,365 లీటర్లు. దాన్ని 540 రోజులకు పంచితే రోజుకు రెండున్నర లీటర్లు. రెండవది ఏడు లీటర్లకు మించదు. అయినా తొమ్మిది నెలలు నిలకడగా ఇస్తుంది, పదమూడున్నర నెలలకు మళ్ళీ ఈనుతుంది. సగటున అయిదు లీటర్ల చొప్పున 270 రోజులకు 1,350 లీటర్లు. 405 రోజులకు పంచితే రోజుకు మూడు లీటర్ల పైచిలుకు. ఏది మంచి గేదె? బిందె చూస్తే మొదటిది, పద్దు చూస్తే రెండవది. పద్దు లేనివాడు రెండవదాన్ని అమ్మి మొదటిదాన్ని ఉంచుకుంటాడు.

మూడవ సూత్రం: పోయిన ఎద తిరిగి రావడానికి ఇరవై ఒక్క రోజులు.

గేదె చూడికాలం సుమారు 310 రోజులు. ఈనిన మూడు నెలల లోపల మళ్ళీ చూడి కట్టితే, ఈతకూ ఈతకూ మధ్య పదమూడు నెలల పైన కొద్ది రోజులవుతుంది. ఇదే మనం పెట్టుకోవలసిన గురి. ఆవు ఎదకు వస్తే ఊరికి తెలుస్తుంది, గేదె ఎదకు వస్తే ఇంటికి కూడా తెలియదు. దీన్ని మూగ ఎద అంటారు. వేసవిలో మరీ ఎక్కువ. కాబట్టి తెల్లవారుజామున ఒకసారి, రాత్రి పడుకోబోయే ముందు ఒకసారి పాకలోకి వెళ్ళి చూడండి. మానం వాచి ఎర్రబారడం, అద్దంలాంటి తీగ వేయడం, మాటిమాటికీ కొద్దికొద్దిగా మూత్రం పోయడం, పాలు చేపకపోవడం, మేత మీద ధ్యాస లేకపోవడం గుర్తులు. పొద్దున కనిపిస్తే సాయంత్రం, సాయంత్రం కనిపిస్తే మర్నాటి పొద్దున సూది వేయించాలి. రెండు మూడు నెలలకు చూడి పరీక్ష తప్పదు. “మళ్ళీ ఎదకు రాలేదు కాబట్టి కట్టినట్టే” అనుకున్నవారు ఆరు నెలలు మోసపోయిన సందర్భాలు నేను చాలా చూశాను.

ఖరీదు చూద్దాం. వట్టి గేదె మేతకు రోజుకు 150 రూపాయలు అనుకోండి. ఒక ఎద తప్పిపోతే 21 రోజులు, అంటే 3,150 రూపాయలు. పదమూడు నెలల పైన కొద్ది రోజులకు ఈనవలసినది పద్దెనిమిదికి ఈనితే సుమారు 140 రోజులు, 21,000 రూపాయలు. ఈ సొమ్ము ఎవరూ మీ జేబులోంచి తీయరు. అందుకే పోయినట్టు తెలియదు.

వేసవిలో గేదెకు ఎండ పడదు. దాని చర్మం నలుపు, చెమట గ్రంథులు తక్కువ. చెరువులో దింపే వీలు లేకపోతే రోజుకు రెండుసార్లయినా ఒళ్ళంతా తడిసేలా నీళ్ళు పోయండి. మేతలో ఎక్కువ భాగం చల్లపూట, రాత్రిపూట వేయండి. ఇంతమాత్రంతోనే మూగ ఎదలు చాలామట్టుకు తగ్గుతాయి.

ఊరి దున్నపోతుతో దాటించేవారికి ఒక మాట. మందలో ప్రతి దూడకూ సగం రక్తం తండ్రిదే. ఒకే దున్నను అయిదారేళ్ళు ఉంచితే దాని కూతుళ్ళే దానికి ఎదకు వస్తాయి, సంతతి క్షీణిస్తుంది. రెండున్నర, మూడేళ్ళకు దున్నను మార్చాలి. ఇప్పుడు నూటికి తొంభై వరకు ఆడదూడలే పుట్టే వీర్యం కూడా దొరుకుతోంది. అయితే దాన్ని బలంగా ఉండి ఎద సక్రమంగా వచ్చే పశువులకే వాడాలి. నీరసించిన గేదెకు వాడితే ఖర్చు దండుగ.

నాలుగవ సూత్రం: రేపటి మంద ఈ రోజు దూడల్లో ఉంది.

దూడ పుట్టిన గంటలోపల జున్నుపాలు తాగాలి. “మాయ పడేదాకా పితకకూడదు” అనే మాట చాలా ఇళ్ళలో ఇంకా ఉంది. అది తప్పు. రోగాన్ని తట్టుకునే శక్తి దూడకు తల్లి కడుపులో రాదు, జున్నుపాలలోనే వస్తుంది. గంటలు గడిచేకొద్దీ ఆ శక్తిని ఒంటికి పట్టించుకునే గుణం దూడ పేగుకు తగ్గిపోతుంది. పైగా దూడ చీకుతుంటే మాయ తొందరగా పడుతుంది. దూడ బరువులో పదోవంతు పాలు రోజూ పట్టాలి. ముప్ఫై కిలోల దూడకు మూడు లీటర్లు, మూడు నాలుగు దఫాలుగా. బొడ్డుకు టింక్చరు అయొడిన్ పూయాలి. గేదె దూడలకు తల్లి పాల ద్వారానే ఏలికపాములు వస్తాయి. కాబట్టి పదోరోజున పశువైద్యుల సలహాపై పిపరజైన్ మందు తాగించి, ఆ తరువాత కూడా వారు చెప్పిన వాయిదాల్లో పట్టించాలి. బంకమట్టిలా కంపు కొట్టే విరేచనం, బాన పొట్ట, గరుకు బొచ్చు కనిపించాయంటే అప్పటికే ఆలస్యమైందన్నమాట.

పదిగేదెల మందలో ఏడాదికి ఏడెనిమిది ఈతలు. అందులో ఆడవి నాలుగు. ముసలివీ, చెడ్డవీ ఏడాదికి రెండు తీసివేయక తప్పదు. నాలుగు పెయ్యల్లో రెండు చనిపోతే మిగిలిన రెంటిలో ఏరుకునేదేముంది? బయటినుంచి కొనవలసి వస్తుంది. కొన్న గేదెతోపాటు దాని రోగమూ వస్తుంది.

మగదూడల సంగతి చెప్పుకోవడానికి మనకు మొహమాటం. అరకొరగా పాలు వదిలి, మూలన కట్టేసి, పోతే పోయిందిలే అనుకుంటాం. ఇది ధర్మమూ కాదు, లాభమూ కాదు. సరైన మేతమీద మగదూడ రోజుకు అరకిలో బరువు పెరుగుతుంది. పెంచే వసతి ఉంటే పెంచండి. లేకుంటే పెంచేవారికి ఇచ్చివేయండి. అమ్మకం, రవాణా విషయాల్లో చట్టం ఏమి కోరుతుందో, ఏ ధ్రువపత్రం కావాలో ముందుగా పశువైద్యులను అడిగి నడుచుకోండి.

అయిదవ సూత్రం: రోగం రాకముందే తేదీ రాసుకోవాలి.

తొలకరికి ముందే గొంతువాపుకూ, జబ్బవాపుకూ టీకాలు వేయించండి. గాలికుంటు టీకా ఏడాదికి రెండుసార్లు; 2019లో మొదలైన జాతీయ కార్యక్రమం కింద దీన్ని ఉచితంగా వేస్తున్నారు. నాలుగు నుండి ఎనిమిది నెలల వయసున్న ఆడదూడలకు ఈసుడు రోగం టీకా జీవితంలో ఒకేసారి. మన డెల్టాకు ప్రత్యేకమైన శత్రువు కార్జపు జలగ. కాలువ అంచుల్లో, మురుగులో ఉండే నత్తల ద్వారా వ్యాపిస్తుంది. పశువు చిక్కిపోయి, దవడ కింద నీరు దిగితే అనుమానించాలి. వానలకు ముందూ తరువాతా పేడ పరీక్ష చేయించి మందు పట్టించాలి. మురుగు అంచున కోసిన గడ్డిని ఎండబెట్టి వేయడం మేలు.

ఇక్కడ వరద మాట కూడా చెప్పుకోవాలి. 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెనలో మనుషులతోపాటు పశువులూ లెక్కకు మిక్కిలిగా కొట్టుకుపోయాయి. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడను ముంచినప్పుడు కట్టుకొయ్యల దగ్గరే నీళ్ళలో చిక్కుకున్న పశువులున్నాయి. హెచ్చరిక వచ్చిందంటే మొదటి పని పలుపులు విప్పడం. పశువుకు ఈత వచ్చు, ముడి విప్పుకోవడమే రాదు. చెవిపోగు నంబర్లు రాసిన పుస్తకాన్ని ప్లాస్టిక్ సంచిలో పెట్టి ఇంటి కాగితాలతోపాటు తీసుకువెళ్ళండి. బీమాకూ, నష్టపరిహారానికీ అదే సాక్ష్యం.

ఆరవ సూత్రం: తీసివేయడం తెలిసినవాడే నిలుపుకోగలడు.

అమ్మక తప్పనప్పుడు మనం చేసే పెద్ద తప్పు, ఎక్కువ ధర పలికేదాన్ని అమ్మడం. ఎక్కువ ధర పలికేది మంచి పశువే. ఇలా నాలుగేళ్ళు అమ్మితే పాకలో చెడ్డవే మిగులుతాయి. పుస్తకం తెరవండి. పరీక్ష చేయించి వైద్యం చేయించినా మూడుసార్లకు చూడి నిలవనిది, పొదుగువాపుతో రొమ్ములు పోయినది, రెండు ఈతలుగా పాల సగటు మంద సగటుకన్న బాగా తక్కువైనది, ఇవి ముందు పోవాలి. అదీ వట్టిపోయి ఎముకలు తేలాక కాదు, పాలమీద ఉండగానే. అయితే ఈసుడు రోగం ఉన్న గేదెను నిజం దాచి పక్క ఊరివాడికి అంటగట్టకండి. ఆ రోగం గట్టు దాటి మళ్ళీ మీ పాకకే వస్తుంది. అది మనుషులకూ అంటుకునే రోగం.

విస్తరణ కార్యకర్తలైన నా తోటి మిత్రులకు ఒక మనవి. రైతు ఇంటికి వెళ్ళినప్పుడు పాక చూసే ముందు గడ్డివామి చూడండి. “ఎన్ని పశువులు కావాలి?” అని అడిగే ముందు “ఎన్నింటికి గడ్డి ఉంది?” అని అడగండి. అప్పు పత్రం మీద సంతకం రైతుదే గాని, సలహా మనది.

నేను తప్పుదారి పట్టించిన ఆ రైతు సంగతి చెప్పి ముగిస్తాను. ఆయన నన్ను గుమ్మం తొక్కనివ్వకపోయినా నేను ఏమీ అనుకునేవాణ్ణి కాదు. కాని ఆయన నన్ను కూర్చోబెట్టి, “ఇప్పుడు సరైన లెక్క చెప్పండి” అన్నాడు. ఇద్దరం కలిసి వామి కొలిచాం. నాలుగు గేదెలు అమ్మాం, అవీ పుస్తకం చూసి. ఇరవై సెంట్లు నేపియర్, చేలో పిల్లిపెసర వేశాడు. పక్క చేలవాళ్ళ గడ్డిని కోత నాడే మాట్లాడుకున్నాడు. మూడేళ్ళయ్యేసరికి ఆరు గేదెలు, అందులో ఎప్పుడు చూసినా నాలుగు పాలమీద ఉండేవి. పది గేదెలప్పుడు వచ్చిన పాలకన్న ఎక్కువే పోసేవాడు. ఆయన మేలైన గేదెకు మళ్ళీ పెయ్య పుట్టింది. పోయినసారి వెళ్ళినప్పుడు మామ్మగారు నోటు పుస్తకం నా ముందు పెట్టించి, “చూడు నాయనా, దీని పేజీ. దీన్ని మాత్రం అమ్మేది లేదు” అంది. పేజీ పైన తల్లి నంబరు, పుట్టిన తేదీ, నెలనెలా టేపు కొలతలు వరుసగా ఉన్నాయి. ఆమెకు చదువు రాదు, మనవరాలు రాస్తుంది.

మీరు కూడా ఈ రాత్రే ఒక నోటు పుస్తకం తీయండి. మొదటి పేజీలో పశువుల పేర్లు కాదు, వామిలో ఉన్న గడ్డి ఎంతో రాయండి. మిగతా పేజీలు వాటంతట అవే నిండుతాయి.